నూకరత్నం గంప ముందు చేసిన పరీక్ష

విశ్వవిద్యాలయాల పరిశోధన సంస్థలు ఏటా ఒక నివేదిక అచ్చు వేస్తాయి. ఆ ఏడాది వచ్చిన పేటెంట్లు, ప్రచురించిన పేపర్లు, పీహెచ్‌డీ పట్టాలు, సంస్థను చూడటానికి వచ్చిన బడిపిల్లల ఫొటోలు అందులో ఉంటాయి. నేను ముప్పై ఏళ్లు పనిచేసిన బయోటెక్నాలజీ సంస్థ నివేదికలో చాలా పేజీలు నేనే రాశాను. వాటిలో అబద్ధాలు లేవు. కానీ ఆ పేజీలు చదివి ఉద్యోగంలో చేరినవాళ్లకు నెల తిరిగేసరికి తాము వేరే చోటికి వచ్చామా అనిపిస్తుంది. ఈమధ్య మా పాత విభాగంలో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు ఇంటికి వచ్చి, "అసలు ఈ ఉద్యోగం ఎలా ఉంటుందండి, మేడం?" అని అడిగారు. కాఫీ తాగేలోపు చెప్పగలిగింది కాదు. అందుకే రాస్తున్నాను. సంస్థ పేరు, ఊరి పేరు రాయను. మనుషుల పేర్లు మార్చాను.

రోజువారీ పని

ముందుగా ఒక మాట. ఈ పనిలో ఎక్కువ భాగం కడగడం, తూచడం, ఎదురుచూడడం. డెల్టాలో వేసవి ఉక్కకు ఏసీ ఆగిందంటే పెట్రీ పళ్లేల నిండా బూజు పడుతుంది. తుఫాను రోజుల్లో కరెంటు పోతే ఫ్రీజర్‌లో ఉన్న నమూనాల గురించి ఆలోచిస్తూ కూర్చోవడం తప్ప చేసేదేమీ ఉండదు. ఓపిక లేనివాళ్లు తెలివైనవాళ్లే అయినా ఇక్కడ నిలవలేరు. మామూలు తెలివితేటలున్నా ఓపిక ఉన్నవాళ్లు నిలుస్తారు. నేను ఆ రెండో రకం.

నా మొదటి గైడు సుబ్రహ్మణ్యం గారు. చేరిన ఏడాదే నాకు ఒక ప్రయోగంలో చక్కటి ఫలితం వచ్చింది. పరుగున వెళ్లి చూపించాను. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి, "నమూనా బదులు ఉత్త నీళ్లు పోసి కూడా చేశావా అమ్మా?" అన్నారు. చేయలేదు. వెళ్లి చేస్తే ఉత్త నీళ్లకు కూడా అదే చక్కటి ఫలితం వచ్చింది. సీసాలోని రసాయనమే చెడిపోయింది. ఆయన తిట్టలేదు. "నోట్‌బుక్‌లో రాసుకో, కొట్టేయకు" అని తన పనిలో పడిపోయారు.

ఆ పాఠం నాకు వచ్చేసిందనే అనుకున్నాను. ఇరవై ఏడేళ్లపాటు నా విద్యార్థులకు అదే చెప్పాను కూడా.

చేప తెలియని మనిషి చేసిన చేపల పరీక్ష

మాది పెద్దాపురం. మా నాన్నగారిది కిరాణా కొట్టు. మా ఇంట్లో కోడిగుడ్డు కూడా వండేవారు కాదు. అలాంటి నేను ఉద్యోగం చివరి ఏళ్లలో చేపల పరీక్ష తయారుచేసిన బృందానికి పెద్దనయ్యాను.

చేపలు చెడిపోకుండా వ్యాపారులు ఫార్మలిన్ కలుపుతున్నారని అప్పట్లో జనంలో భయం పట్టుకుంది. ఫార్మలిన్ అంటే కాలేజీ ల్యాబుల్లో సీసాల్లో పాముల్నీ తేళ్లనీ ఉంచే ద్రవం. అది తింటే ప్రమాదం. ఇంట్లో ఆడవాళ్లే పరీక్షించుకోగలిగే కాగితం పట్టీ ఒకటి కావాలని మా డైరెక్టర్ ప్రభాకరరావు గారు అన్నారు. మూడేళ్లు పట్టింది. పట్టీని చేప మీద అద్ది, ఒక చుక్క మందు వేస్తే, ఫార్మలిన్ లేకపోతే తెల్లగానే ఉంటుంది. ఉంటే ఊదా రంగుకు తిరుగుతుంది. పనిలో ఎక్కువ భాగం నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న హరిత చేసింది. పేటెంటు వచ్చింది. ఆ ఏడాది నివేదికలో మొదటి పేజీ దానిదే.

ఏయే చేపల మీద పరీక్షించాలో జాబితా వేసింది నేను. నా గదిలో, ఫ్యాను కింద కూర్చుని వేశాను. శీలావతి, బొచ్చె, వంజరం, చందువా, రొయ్య అని తెలిసిన పేర్లు రాశాను. ల్యాబ్ అటెండరు వాటిని కొని తెచ్చేవాడు. నేను ఒక్కరోజు కూడా చేపల మార్కెట్‌కు వెళ్లలేదు. వాసన పడదని చెప్పేదాన్ని. అది నిజమే. మనం సాంపిల్ తీసుకునే చోటికి వెళ్లకపోవడం శాస్త్రవేత్తకు సరదా అలవాటు కాదని, లోపమని ఎవరూ నాకు చెప్పలేదు. చెప్పాల్సిన హోదాలో ఉన్నది నేనే మరి.

ప్రజల్లోకి సైన్స్

ప్రభాకరరావు గారు చెడ్డ డైరెక్టర్ కాదు. ఆయన రాకముందు మా భవనం ఏం చేస్తుందో పక్క వీధిలో వాళ్లకు కూడా తెలియదు. ఆయన వచ్చాక బడిపిల్లలకు అరటిపండు నుంచి డీఎన్‌ఏ తీసి చూపించడం, ఆక్వా రైతులతో సమావేశాలు, వరి రైతులకు పొలం దగ్గరే శిక్షణ మొదలయ్యాయి. వాటిలో సగం బ్యానరు, సమోసా, గ్రూప్ ఫొటోతో ముగిసేవి. మిగతా సగం నిజంగా పనికొచ్చేవి. ఈ రెంటికీ తేడా ఒక్కటే. జనం మాట్లాడే అవకాశం ఉన్నదా, మనమే మాట్లాడి వచ్చేస్తున్నామా అన్నది.

ఆ సంవత్సరం సైన్సు వారోత్సవాల్లో మా పట్టీని చేపల మార్కెట్‌లోనే జనం ముందు చూపించాలని ఆయన నిర్ణయించారు. కాకినాడ నుంచి బస్సులో గంట ప్రయాణం దూరంలో ఉన్న పట్టణం. పొద్దున తొమ్మిదింటికి వెళ్లాం. బ్యానర్లు కట్టారు, మైకు పెట్టారు. స్థానిక ఛానెల్ వాళ్లు వచ్చారు. నేను జీవితంలో మొదటిసారి చేపల మార్కెట్‌లో అడుగుపెట్టాను.

వరసగా ఏడెనిమిది మంది దగ్గర పరీక్షించాం. పట్టీ తెల్లగానే ఉంది. జనం చప్పట్లు కొడుతున్నారు. తొమ్మిదో ఆవిడ నూకరత్నం. నలభై ఐదేళ్లుంటాయి. తీరం వైపు పల్లె నుంచి రోజూ ఆటోలో గంపతో వస్తుంది. భర్తకు ఆయాసం, వేటకు వెళ్లలేడు. ఇల్లు ఆమె గంప మీదే నడుస్తుంది. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. ఆ రోజు ఆమె గంపలో మెత్తగా, తెల్లగా, నోరు తెరుచుకున్న చేపలు కనిపించాయి. వానమట్టలని హరిత చెప్పింది. నా జాబితాలో లేని చేప.

పట్టీ అద్దాను, చుక్క వేశాను. క్షణాల్లో ఊదా రంగుకు తిరిగింది.

ఛానెల్ వాళ్లు కెమెరా దగ్గరకు తెచ్చారు. ఫోన్లన్నీ పైకి లేచాయి. ప్రభాకరరావు గారు మైకులో, "చూశారా అండి? మన సంస్థ తయారుచేసిన పట్టీ ఎలా పట్టేసిందో!" అన్నారు.

నూకరత్నం లేచి నిలబడింది. "ఏటండి ఇది? పొద్దున్నే బోటు దిగిన సేపండి. మందెయ్యడానికి నాకు టైమెక్కడిదండి? మందు మొహం కూడా నేను సూళ్లేదండి. ఇంకోపాలి సూడండమ్మా."

ఇంకోసారి చూశాను. ఇంకా గాఢంగా వచ్చింది. అప్పుడు నేనన్న మాట నాకు బాగా గుర్తుంది. ఆ వీడియోలో కూడా ఉంది.

"కాగితం అబద్ధం చెప్పదమ్మా."

మాతో వచ్చిన మున్సిపాలిటీ పారిశుద్ధ్య సిబ్బంది గంప తీసుకెళ్లి, చేపల మీద బ్లీచింగ్ పౌడర్ చల్లి పారబోశారు. ఆమె ఖాళీ గంప పట్టుకుని, పక్కనున్న ఆడవాళ్ల వైపు చూసింది. వాళ్లు తమ గంపలు కాస్త పక్కకు జరుపుకున్నారు.

మెట్ల మీద కూర్చున్న మనిషి

మర్నాడు పేపర్లలో వార్త వచ్చింది. వీడియో వాట్సాప్‌లో ఊరూరా తిరిగింది. మా సంస్థకు అభినందనలు వెల్లువెత్తాయి. నేను ఐసు పెట్టెలో తెచ్చిన చేప ముక్కను హరిత మళ్లీ పరీక్షించింది. మళ్లీ ఊదా రంగే. నా మనసు కుదుటపడింది. నిజం చెప్పాలంటే, కుదుటపడాలని కోరుకున్నాను కాబట్టే కుదుటపడింది. చెడిపోయిన సీసాతో పదిసార్లు చేసినా అదే ఫలితం వస్తుందన్న సంగతి నాకు ఆ రోజు తోచలేదు.

పది పన్నెండు రోజుల తర్వాత సెక్యూరిటీ అతను ఫోన్ చేశాడు. "మేడం, ఎవరో చేపలావిడండి. లోపలికి పంపనన్నానండి. పొద్దున్నుంచీ మెట్ల మీదే కూర్చుందండి." మూడు గంటలప్పుడు కిందికి దిగాను. నూకరత్నం.

ఆమె తగాదాకు రాలేదు. "అమ్మా, మార్కెట్లో నా సోటు ఏరేవాళ్లకి ఇచ్చేశారండి. ఈదుల్లోకి ఎల్తే ఫోనులో నా బొమ్మ సూపించి తలుపేసేసుకుంటన్నారు. అది సరేనండి. ఆ సేపలో మాత్రం మందు లేదండి. మా మరిది బోటు మీద రండి. మీ కళ్ల ముందే పట్టిస్తాం. మీరే పెట్టెలో ఎయ్యండి, మీరే తాళం ఎయ్యండి. అప్పుడు మీ కాగితం పెట్టండి. అప్పుడూ రంగొస్తే నేనింక గంప ఎత్తనండి."

పీహెచ్‌డీ పరీక్షల్లో ఎంతోమంది ప్రొఫెసర్లు నన్ను ప్రశ్నలు అడిగారు. ప్రయోగం ఎలా చేయాలో ఇంత సూటిగా చెప్పినవాళ్లు తక్కువ. ఆమె చెప్పినదానికి నేను ఒక్కటే కలిపాను. అదే వలలో పడ్డ వేరే చేపను కూడా అదే పెట్టెలో, అదే ఐసులో ఉంచాలి. రెంటినీ పరీక్షించాలి.

"అలాగేనండి," అంది. తర్వాత, "మీరు సేప ముట్టుకుంటారాండి?" అని అడిగింది.

బోటు మీద

వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు వేటకు వెళ్లరు. నూకరత్నం కూడా ఎప్పుడూ బోటెక్కలేదట. ఆమె మరిది సింహాచలం ముందు ఒప్పుకోలేదు. "డాక్టరమ్మ గారికి సముద్రం పడదొదినా" అన్నాడు. పడలేదు కూడా. తెల్లవారుతుండగా బయల్దేరాం. ఒడ్డు కనుమరుగయ్యేలోపే రెండుసార్లు వాంతి చేసుకున్నాను. వాళ్లెవరూ నవ్వలేదు. సింహాచలం నిమ్మకాయ కోసి చేతిలో పెట్టాడు.

వల పైకి లాగాక వానమట్టల్నీ, అదే వలలో పడ్డ చిన్న చందువాల్నీ నా చేతులతోనే తీశాను. చేపను ముట్టుకోవడం అదే మొదలు. వానమట్ట వేళ్లలోంచి జెల్లీలా జారిపోతుంది. రెంటి మీదా పట్టీ అద్దాను. చందువా తెల్లగా ఉంది. వానమట్ట మీద ఊదా నీడ, ఉందా లేదా అన్నంత పల్చగా. నేను ఇంటి నుంచి తెచ్చిన ఐసుతో పెట్టె నింపి తాళం వేసి, తాళంచెవి మెడలో గొలుసుకు కట్టుకున్నాను. ఒడ్డుకు వచ్చేసరికి మధ్యాహ్నమైంది.

రేవులో నూకరత్నం, హరిత ఎదురుచూస్తున్నారు. అక్కడే, ఇసుకలో, తాళం తీశాను. చందువా పట్టీ తెల్లగానే ఉంది. వానమట్ట పట్టీ మార్కెట్‌లో వచ్చినంత గాఢంగా ఊదా రంగుకు తిరిగింది.

నూకరత్నం ముఖం వాడిపోయింది. రంగొస్తే తను ఓడినట్టని ఆమె అనుకుంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. "లేదమ్మా. ఈ పెట్టెలో మందు ఎవరూ కలపలేదు. పక్క చేప తెల్లగా ఉంది చూడు. నువ్వు చెప్పిందే నిజం. ఇది ఆ చేప ఒంట్లో పుట్టేదే. తప్పు మా కాగితానిది. కాదు, నాది."

"మరి ఆ రోజు కాగితం అబద్ధం సెప్పదన్నారు కదండి," అంది. కోపంగా అనలేదు. తెలుసుకోవడానికే అడిగినట్టు అడిగింది.

ఆ వారమే లైబ్రరీలో కూర్చుని వెతికాను. కొన్ని సముద్రపు చేపలు చనిపోయాక వాటి కండలోనే ఫార్మలిన్‌లోని పదార్థం కొద్దికొద్దిగా తయారవుతుందని, వానమట్ట వాటిలో ఒకటని శాస్త్రజ్ఞులకు ఏనాడో తెలుసు. కొత్త విషయం కాదు. ఆ చేప పేరే తెలియని నేను దాని గురించి వెతకలేదు, అంతే.

డైరెక్టర్ గారి గది

ప్రభాకరరావు గారు అంతా విన్నారు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"వాసవి గారూ, మొత్తం మార్కెట్‌లో ఆ చేప ఎంతుంటుందండి?"

"అమ్ముకునే మనిషికి అదే మొత్తమండి."

"మాన్యువల్‌లో ఒక గమనిక వేద్దాం. ఏయే చేపల మీద వాడకూడదో రాద్దాం."

"ఆవిడ దగ్గర కొనేవాళ్లు మాన్యువల్ చదవరు కదండి. వీడియో చూశారు."

"వచ్చే నెల ఢిల్లీ నుంచి బృందం వస్తోంది. ఈ పట్టీని చూడటానికే వస్తున్నారు. ఇప్పుడు మనమే వీధిలోకెళ్లి తప్పు చేశామంటే, రేపు నిజంగా మందు కలిపినవాడు కూడా మీ కాగితం తప్పంటాడు. అప్పుడేం చెబుతాం?"

ఆ భయం ఉత్తిది కాదు. ఇప్పటికీ నా దగ్గర దానికి పూర్తి జవాబు లేదు. కానీ తప్పు ఒప్పుకోని సంస్థ మాటను మాత్రం ఎందుకు నమ్మాలన్నది నా వాదన. గంటసేపు వాదించుకున్నాం. చివరికి ఆయన రెండు పనులు చేశారు. నూకరత్నం తప్పేమీ లేదని, ఆమె చోటు ఆమెకు ఇప్పించమని మార్కెట్ అధికారులకు ఉత్తరం రాసి సంతకం పెట్టారు. నాతో మాత్రం, "మీరు వెళ్లి చెప్పుకోండి, నేను ఆపను. సెలవు పెట్టి వెళ్లండి. సంస్థ బ్యానర్ వద్దు" అన్నారు.

ఢిల్లీ బృందం వచ్చినప్పుడు వేదిక మీద నా కుర్చీ లేదు. హరిత మాట్లాడింది. ఏ చేపల మీద వాడకూడదో ఆ అమ్మాయే ధైర్యంగా మొదటి నిమిషంలోనే చెప్పేసింది. పైవాళ్లేమీ అనుకోలేదు. బాగుంది, హద్దులు తెలుసుకున్నారని మెచ్చుకున్నారు కూడా. మేం గదిలో కూర్చుని భయపడ్డదానిలో చాలా భాగం మా ఊహే. తర్వాత పట్టీల డబ్బా మీద వాడకూడని చేపల బొమ్మలు అచ్చయ్యాయి. ఏయే చేపలను పరీక్షించి చూడాలో చెప్పింది నూకరత్నం, ఆమె తోటివాళ్లు. నివేదికలో వాళ్ల పేర్లు వేయించాలని ప్రయత్నించాను. 'స్థానిక మత్స్యకార మహిళల సహకారంతో' అన్న ఒక్క వాక్యం దగ్గర ఆగింది.

వీధుల్లో

ఒక ఆదివారం నేను, హరిత ఆ మార్కెట్‌కే వెళ్లి, అందరి ముందూ మళ్లీ పరీక్ష చేసి, జరిగింది చెప్పాం. పాతిక మంది విన్నారేమో. ఛానెల్ వాళ్లకు ఫోన్ చేస్తే, "అందులో వార్త ఏముందండి మేడం?" అన్నారు. హరిత తీసిన వీడియోను తెలిసినవాళ్లే చూశారు.

నూకరత్నం అంతా విని, "ఆయ్, బాగా సెప్పారండి. ఆ రోజు మైకులో సెప్పారు. ఇయ్యాల ఊరికే సెప్పారు. ఈదుల్లో వాళ్లకి ఎలా ఇనబడుద్దండి?" అంది.

నిజమే. కూరగాయలమ్మే ఒకతని ఆటోకు మైకు ఉంది. అతన్ని అడిగి, మర్నాటి ఉదయం ఆ ఆటో ఎక్కాం. పొద్దున్నే దిగిన వానమట్టల గంపను వెనక పెట్టి, ముందు సీటు అంచున నూకరత్నం కూర్చుని దారి చెప్పింది. "ఈ సందులోకి తిప్పు. ఇక్కడ ఆపు. ఇక్కడ ముగ్గురు కొనేవోరండి." ప్రతి మలుపు దగ్గరా నేను మైకులో చెప్పాను. నా పేరు, నా చదువు, ఆ రోజు పరీక్ష చేసింది నేనేనని, ఆ పరీక్ష ఈ చేపకు పనికిరాదని, ఈవిడ ఏ మందూ కలపలేదని. మొదటి రెండు వీధుల్లో కాగితం మీద రాసుకున్నది చదివాను. మూడో వీధికి అలవాటైంది. ఎన్నో దేశాల సదస్సుల్లో మాట్లాడాను. ఆ రోజు మాట్లాడినంత తేలిక భాషలో ఎప్పుడూ మాట్లాడలేదు.

చాలామంది కిటికీల్లోంచి చూసి ఊరుకున్నారు. ఒకాయన, "ముందే చూసుకోవాలి కదండి చదువుకున్నవాళ్లు" అన్నారు. అవునండి అన్నాను.

నాలుగో వీధి చివర ఒక పెద్దావిడ గేటు తీసుకుని బయటికి వచ్చింది. నేను చెప్పేదంతా నిలబడి విన్నది. అయ్యాక నా వైపు చూడలేదు. ఆటోలోంచి దిగిన నూకరత్నం వైపు తిరిగింది.

"ఆవిడ చెప్పింది సరేనమ్మా. నువ్వు చెప్పు. తినొచ్చా?"

"మా ఇంట్లో రాత్రి అదే కూరండి," అంది నూకరత్నం.

ఆవిడ గిన్నె తెచ్చుకోవడానికి లోపలికి వెళ్లింది.